వైరల్‌కి వేపమండలు

తలుపులమ్మ పొద్దున్నే ఆటోలో అనకాపల్లి వెళ్తుంది. కాళ్ళ దగ్గర చేపల గంప. గంప మీద తడిగోనె. గోనె మీద ఆమె చెయ్యి. సముద్రం పక్కనున్న తమ పేట నుంచి అచ్యుతాపురం దాకా ఎవరితోనూ మాట్లాడదు. అక్కడ నైట్ డ్యూటీ దిగిన కంపెనీ కుర్రాళ్ళు ఎక్కుతారు. వాళ్ళూ మాట్లాడరు. తలలు వంచుకుని, బొటనవేళ్ళతో ఫోన్లను పైకి తోసుకుంటూ కూర్చుంటారు. మొదట్లో ఆమె అది జపం అనుకుంది. ఈ కాలం పిల్లలకి భక్తి ఎక్కువైందని సంతోషించింది కూడా. తర్వాత తన ఇంట్లోనే ఒక భక్తుడు తయారయ్యాక ఆ సంతోషం తగ్గింది.

అనకాపల్లి చేపల మార్కెట్లో ఆమెది గేటు పక్క చోటు. ఒకప్పుడు అక్కడ అత్త కూర్చునేది. అత్తకి కాళ్ళు పడిపోయాక ఆ పీటా, ఆ కత్తీ, ఆ చోటూ కోడలికి వచ్చాయి. మార్కెట్లో చోటుకి కాగితం ఉండదు. రోజూ వచ్చి కూర్చోవడమే కాగితం. అందుకని తలుపులమ్మ వాన కురిసినా వచ్చింది, ఒళ్ళు కాలినా వచ్చింది, మగడు పొట్టిబాబు గుజరాత్ బోట్ల మీద పనికి రైలెక్కిన రోజున కూడా వచ్చి, చేపలన్నీ అమ్మి, ఆ తర్వాతే ఏడ్చింది.

బేరంలో ఆమె నోటికి మార్కెట్ అంతా దారి ఇస్తుంది. ఒకరోజు కళ్ళద్దాల కుర్రాడొకడు పెద్ద వంజరాన్ని రెండు చేతులా ఎత్తి, పక్కవాడి చేత ఫొటో తీయించుకుని, మళ్ళీ గంపలో పెట్టి వెళ్ళబోయాడు.

"ఏటి బాబూ, ఒగ్గేసి పోతన్నావు?"

"ఊరికే ఫొటో కోసమండి."

"పెల్లిసూపులకొచ్చి పిల్లని ఎత్తుకుని సూసి, పోయొత్తాననీసినావు. దానికీ పరువుంటాది కదా!"

గేటు పక్క ఆడవాళ్ళంతా నవ్వారు. ఆ కుర్రాడు చేపని కొన్నాడు. ఎలా వండాలో ఫోన్‌ని అడుగుతూ వెళ్ళాడు.

ఆమెకి ఒక్కడే కొడుకు. చాలాకాలం ఎదురుచూశాక లోవ కొండెక్కి మొక్కుకుంటే పుట్టాడు కాబట్టి లోవరాజు. వాడు డిగ్రీ మధ్యలో వదిలేశాడు. వదిలేశానని అనడు, గ్యాప్ తీసుకున్నానంటాడు. ఆ గ్యాప్‌లో పేరు మార్చుకున్నాడు. ఇంగ్లీషులో ఒక్క అక్షరం మార్చగానే అమ్మవారి లోవ కాస్తా లవ్ అయింది. ఫోన్లో ఇప్పుడు వాడు లవ్ రాజు. ఇంట్లో మటుకు, తల్లి పిలిచే వేళని బట్టి, లోవా, నాయనా, దరిద్రుడా.

లవ్ రాజు పని ఆరోగ్యం. అంటే జనానికి ఆరోగ్యం చెప్పడం. కండలెలా పెంచాలో, ఎప్పుడు పడుకోవాలో, ఎన్ని నీళ్ళు తాగాలో వాడు తెల్లవార్లూ ఫోన్లో చూసి నేర్చుకుని, పగలు ఇంకొకరికి చెప్తాడు. తల్లి గంప ఎత్తుకునే వేళకి వాడు నిద్రకి ఉపక్రమిస్తాడు. తల్లి తిరిగొచ్చే వేళకి లేచి, తొందరగా లేవడం వల్ల కలిగే లాభాల గురించి వీడియో చేస్తాడు. ఎప్పుడూ తల వంచి ఉండడం వల్ల మెడ పట్టేసింది. మెడ నొప్పికి వ్యాయామాలు కూడా ఫోన్లో ఉన్నాయి. వాటిని పడుకుని చూశాడు.

ఒకరోజు చద్దన్నం ముందు పెడితే కంచం తోసేశాడు.

"నాను ఇది తినను. ఇందల కార్బులుంటాయి."

"ఏటుంటాయి?"

"కార్బులే అమ్మా."

తలుపులమ్మ కంచాన్ని వాకిట్లోకి తీసుకెళ్ళి, ఎండలో పెట్టి, మెతుకు మెతుకూ విడదీసి చూసింది. ఒక్క పురుగు కూడా కనబడలేదు. అయినా అనుమానమెందుకని మర్నాటి నుంచి బియ్యం ఇంకోసారి కడగడం మొదలుపెట్టింది.

ఇలా తిండి మానేసి, నిద్ర మానేసి, లవ్ రాజు ఆరోగ్యానికి ప్రతినిధి అయ్యాడు. చెంపలు లోపలికి పోయాయి. ఫోన్లో అవి పోలేదు. ఫోన్లో ముఖాన్ని నునుపు చేసే ఏర్పాటు ఒకటుంది. దాంట్లోంచి చూస్తే వాడు పెళ్ళికొడుకులా ఉంటాడు. చూసేవాళ్ళే లేరు. ఎంత చెప్పినా వీడియోలకి తన పేట కుర్రాళ్ళూ, వాళ్ళ బావలూ తప్ప దిక్కులేదు.

అప్పుడు వాడికి పచ్చి రొయ్యల ఆలోచన వచ్చింది. చొక్కా విప్పి, ఇసకలో నిలబడి, అప్పుడే వలలోంచి తీసిన రొయ్యల్ని దోసిళ్ళతో ఎత్తి, కడగకుండా, వండకుండా నమిలాడు. "ఇదీ సముద్రపు ప్రోటీన్" అన్నాడు. చివర్లో ఊపు మీద ఇంకో మాట కూడా అన్నాడు. ఈ వీడియో లక్షమంది చూస్తే కప్పచేపని పచ్చిగా, లైవ్‌లో తింటానన్నాడు.

కప్పచేప అంటే పట్టుకోగానే పొట్టని బంతిలా ఉబ్బించుకునే చేప. వలలో పడితే పేటవాళ్ళు దాన్ని తిట్టి నీళ్ళలోకి విసిరేస్తారు. దానిలో ఉన్న విషానికి మందు లేదు. ఒడ్డున పడేసినా కాకులు కూడా ముట్టవు. కాకులకి ఫోన్లు లేవు.

వాడు ఆ మాట అన్నప్పుడు తలుపులమ్మ అనకాపల్లిలో ఒక టీచరుగారితో చందువా చేపల బేరంలో ఉంది. ఆ సంగతి ఆమెకి తెలియదు.

మర్నాడు ఆమె ఆటో దిగి గంప దించుతుంటే పక్కింటి సత్యవేణి ఎదురు పరుగెత్తుకొచ్చింది. డిగ్రీ చదువుతున్న పిల్ల.

"సిన్నమ్మా! మీ లోవ వైరలైపోనాడు!"

తలుపులమ్మ చేతిలో గంప జారింది. ఆ మాట ఆమెకి తెలుసు. కరోనా రెండోసారి వచ్చినప్పుడు పెద్ద డాక్టరొకాయన ముఖానికి గుడ్డ కట్టుకుని, దూరంగా నిలబడి, ఆ మాటే చెప్పాడు. "వైరలమ్మా" అన్నాడు. అంతే చెప్పాడు. ఆ తర్వాత ఆమె అన్నని మూట కట్టి ఇచ్చారు. ముఖం కూడా చూపించలేదు.

"ఎప్పట్నుంచే?"

"పొద్దున్నుంచి. గంటగంటకీ పెరిగిపోతన్నాది."

"ఎంతున్నాది?"

"లచ్చ దాటీసినాది!"

"లచ్చేటే? నూటనాలుగు దాటితేనే మనిసి నిలబడడు!"

"జొరం కాదు సిన్నమ్మా, జనం. లచ్చమందికి ఎల్లిపోనాది."

"లచ్చమందికి అంటుకున్నాదా!"

"దుబాయిలోన కూడా."

"ఓలమ్మో! ఈడు వాకిలి దాటడు. దుబాయికి ఎలగ అంటించీసినాడే?"

"ఫోన్లోంచే."

ఇంకేమీ అడగలేదు. లోపలికి పరుగెత్తింది. లవ్ రాజు చాప మీద ముడుచుకుని పడి ఉన్నాడు. పక్కన బక్కెట్టు. సముద్రపు ప్రోటీన్ వచ్చిన దారినే తిరిగి వెళ్తోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఒళ్ళు కాలుతోంది. ఒక చేత్తో పొట్ట పట్టుకున్నాడు. రెండో చేతిలో ఫోన్ ఉంది, ముఖంలో మటుకు పట్టలేని ఆనందం. తల్లికి అది జ్వరం ముదిరి పుట్టిన సంధిలా కనిపించింది.

ఆటోలో అచ్యుతాపురం తీసుకెళ్ళింది. డాక్టరు విన్నాడు, పొట్ట నొక్కాడు, పచ్చి రొయ్యలన్న మాట దగ్గర కాసేపు కళ్ళు మూసుకున్నాడు. కడుపులో ఇన్ఫెక్షనన్నాడు. సూది వేసి, మాత్రలు ఇచ్చి, పెరుగన్నం తప్ప ఏమీ పెట్టొద్దన్నాడు, నిద్రపోనివ్వమన్నాడు. తలుపులమ్మ తలూపింది. డాక్టరు చెయ్యాల్సింది డాక్టరు చేశాడు. అంటుకునే జబ్బయితే చెప్పుకోవలసిన ఆవిడ వేరే ఉంది. ఆవిడ అమ్మోరు, మరిడమ్మ.

ఇంటికి రాగానే గుమ్మానికి వేపమండలు కట్టింది. వాకిట్లో పసుపునీళ్ళు చల్లింది. ఇక ఇంట్లో అమ్మోరున్నట్టే. అమ్మోరున్న ఇంట్లో తాలింపు వెయ్యకూడదు. బయటివాళ్ళు గుమ్మం దాటకూడదు. నీసు, అంటే చేపైనా రొయ్యైనా, వాకిట్లోకి కూడా రాకూడదు. రోగి తలకి నీళ్ళు పోసేదాకా ఇది ఆజ్ఞ. చేపలమ్ముకునే ఇల్లు ఈ ఆజ్ఞ తీసుకుంటే పొయ్యితో పాటు గంప కూడా పడుకుంటుంది. తలుపులమ్మ గంపని బోర్లించింది.

తర్వాత ఫోన్ వైపు చూసింది. జబ్బు దీంట్లోంచే దుబాయి దాకా వెళ్ళింది. రోగికి పసుపునీళ్ళతో ఒళ్ళు తుడిచి, రోగాన్ని మోసినదాన్ని వదిలేస్తే ఏం ప్రయోజనం? లవ్ రాజు మగతగా ఉన్న సమయం చూసి, దాన్ని వేపాకుల పసుపునీళ్ళ గిన్నెలో ముంచి, అటూ ఇటూ తిప్పి, బాగా నానబెట్టింది.

వాడు లేచి చూసేసరికి అది పచ్చగా, పవిత్రంగా ఉంది.

"ఏటి సేసినావమ్మా!"

"తానం సేయించినాను."

"ఫోన్‌కి తానమేటే?"

"నీకు ఒల్లు తుడిసినాను కదా, మరి దానికి?"

నీళ్ళలో పడినా ఏమీ కాదని ఆ ఫోన్ డబ్బా మీద రాసి ఉంది. పసుపు గురించి ఏమీ రాయలేదు. ఎంత నొక్కినా వెలగలేదు. లవ్ రాజు గోడకి తల కొట్టుకున్నాడు. రెండోసారి కొట్టుకోవడానికి ఓపిక చాలలేదు. పడుకున్నాడు. పడుకుంటే నిద్ర వచ్చింది. చాలాకాలం తర్వాత వచ్చింది కాబట్టి చాలాసేపు ఉంది.

లేచాక వాడికి లోకం ఏమైపోయిందోనని బెంగ పట్టుకుంది. అప్పుడు సత్యవేణి కిటికీ అయింది. గుమ్మం దాటకూడదు కాబట్టి బయట అరుగెక్కి, ఊచల్లోంచి, తన ఫోన్‌లో జనం రాసినవి చదివి వినిపించేది.

"లవ్ రాజు అన్నా, నువ్వు సింహం."

"ఇంకా?"

"పచ్చి రొయ్యలు మా తమ్ముడూ తిన్నాడు, ఆస్పత్రిలో ఉన్నాడు, థాంక్స్ అన్నా."

"ఇంకా?"

"లక్ష ఎప్పుడో దాటింది. కప్పచేప ఎప్పుడు? మాట తప్పితే నువ్వు మగాడివి కాదు... ఇలగే ఉన్నాయి లోవా, కింద దాకా కప్పచేప, కప్పచేప, కప్పచేప."

వెనకాల మజ్జిగ చిలుకుతున్న చప్పుడు ఆగిపోయింది.

తలుపులమ్మ లేచి, వాకిట్లోకి వచ్చి, సత్యవేణిని అరుగు మీంచి దించింది.

"కప్పచేపేటి?"

ఆ పిల్ల చెప్పింది. లక్ష అంటే ఏమిటో, లైవ్ అంటే ఏమిటో, లోవరాజు ఒడ్డున నిలబడి ఏం ఒప్పుకున్నాడో చెప్పింది. వైరల్ అంటే జ్వరం కాదని, ఒకడు చేసిన పనిని ఎంతోమంది చూడడమని, చూసి ఇంకొకరికి చూపించడమని, అలా ఒకరి నుంచి ఒకరికి పోతూనే ఉంటుందని మెల్లగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది.

"సూసినోలికేటి అవుద్ది?"

"ఏటీ అవదు సిన్నమ్మా. సూత్తారు, అంతే."

"మరి తిన్నోడికి?"

సత్యవేణి ఫోన్‌ని వెనక్కి దాచుకుంది.

తలుపులమ్మ వేపచెట్టు దగ్గరికి వెళ్ళి మండలు విరుచుకొచ్చింది. గుమ్మానికి ఉన్నవాటి పక్కన ఇంకో వరస కట్టింది. కిటికీకి కట్టింది. పెరటి తలుపుకి కూడా కట్టింది.

"జొరం కాదని సెప్పినాను కదా సిన్నమ్మా!"

"ఇన్నాను."

"మరెందుకివి?"

"ఇప్పుడు ముదిరినాది."

ఆ సాయంత్రం తాతబ్బాయి వచ్చాడు. తలుపులమ్మకి వరస తమ్ముడు, పడవ మీద వేటకి వెళ్తాడు. చేతిలో తడి సంచి ఉంది. జబ్బు పడకముందు మేనల్లుడు బతిమాలితే, ఊరికే ఫొటో కోసమంటే, వలలో పడ్డదాన్ని తెచ్చాడు. వాకిలి చివర వేపమండలు చూసి, నిప్పు తొక్కినట్టు వెనక్కి గెంతాడు.

"అప్పా! అమ్మోరొచ్చినాదని సెప్పొద్దేటి? నీసట్టుకుని వచ్చీసినాను!"

"ఏ నీసు?"

"అదే... లోవా అడిగినాడు... కప్ప."

"ఇటు తే, సూత్తాను."

"అమ్మోరుండగా తెత్తానేటే? నాకు పిల్లల్నేరా?"

"మేనల్లుడికి విసం తేడానికి గుర్తురానేదేట్రా, పిల్లలున్నారని?"

తాతబ్బాయి ముఖం మాడిపోయింది. చెప్పులు చేత్తో పట్టుకుని, సంచిని ఒంటికి దూరంగా చాపి, ఒడ్డు దాకా పరుగెత్తి దాన్ని విసిరేశాడు. ఆ వెంటనే కబురు పేటంతా పాకింది. తలుపులమ్మ ఇంటికి నీసు పోకూడదు. ఏ పడవా ఇవ్వదు, ఏ కుర్రాడూ తేడు. లక్షమంది అడుగుతున్న చేప ఇంటి ముందున్న సముద్రంలోనే ఈదుతోంది. లవ్ రాజుకి మటుకు దొరకదు.

ఆ నిర్బంధంలో వాడికి జరగకూడనివి జరిగాయి. చీకటి పడితే నిద్ర వచ్చేది. వెలుతురొస్తే మెలకువ వచ్చేది. మెడ తిరగడం మొదలుపెట్టింది. ఒక పూట పెరుగన్నం రెండోసారి అడిగాడు. అడిగాక, అందులో కార్బులున్న సంగతి గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు. తిన్నాక ఆ సిగ్గు కూడా తగ్గింది. ఆరోగ్యం గురించి ఒక్క ముక్క కూడా వినకుండా, చెప్పకుండా, వాడు ఆరోగ్యవంతుడైపోతున్నాడు.

ఇంకోపక్క అనకాపల్లి నుంచి కబురొచ్చింది. గేటు పక్క చోటులో అప్పలకొండమ్మ గంప దించింది. మొదటిరోజు పక్కకి దించింది. తర్వాత మధ్యలో దించింది. ఇప్పుడు పీట కూడా వేసుకుంది. ఆ పూట తలుపులమ్మ మజ్జిగలో ఉప్పు వెయ్యడం మరచిపోయింది.

ఇక నీళ్ళు పోయక తప్పదు. వాడి ఒంట్లో జ్వరం లేదని పేటంతా చూస్తూనే ఉంది. అమ్మోరిని ఎక్కువ కాలం కూర్చోబెట్టడం కూడా మర్యాద కాదు. రేపు పోస్తానని పెద్దవాళ్ళకి చెప్పింది. సత్యవేణి ఆ మాట ఎక్కడ రాసిందో, ఎలా రాసిందో, మధ్యాహ్నానికి కిటికీ దగ్గర చదవసాగింది.

"గెట్ వెల్ సూన్ అన్నా. రేపే లైవ్ కదా? ఆఫీసుకి సెలవు పెట్టా."

లవ్ రాజు "ఇంకా?" అని అడగలేదు.

సత్యవేణి వెళ్ళిపోయాక వాడు పెరట్లోకి వచ్చాడు. తల్లి రేపటికోసం కుండలో నీళ్ళు నింపి, వేపాకు వేస్తోంది. కాసేపు గోడని గోకాడు.

"అమ్మా, రేపే పోసీయాలేటి?"

"ఏం?"

"ఇంకా నీరసంగున్నాది."

"పొద్దున్న మూడుసార్లు తిన్నావు."

"నీరసం వల్లే తిన్నాను." మళ్ళీ గోడ గోకాడు. "అమ్మోరు ఇంకా ఎల్లనేదేమో. ఇంకో వారం ఉంచీమ్మా."

"నా చోటు పోతన్నాదిరా అక్కడ."

"ఒక్క వారం."

"పోసీసినాక ఏటవుద్దని?"

"లైవ్ ఎట్టాలి."

"ఎట్టు."

"కప్పచేప తినాలి."

"తిను."

వాడు తల్లి ముఖంలోకి చూశాడు. ఆమె వేపాకు ఈనెలు దూస్తూనే ఉంది. చేతులు మటుకు ఉన్నట్టుండి నెమ్మదించాయి.

"తిననంటే నవ్వుతారమ్మా. మగోడు కాదంటారు. లచ్చమందీ నవ్వుతారు."

"తింటేనో?"

అవతల ఎవరో పడవని ఇసకలోంచి నీళ్ళలోకి తోస్తున్నారు. ఆ కేకలు ఆగేదాకా వాడు నిలబడ్డాడు. తర్వాత, ఫోన్లో ఎప్పుడూ వినిపించని చిన్న గొంతుతో అన్నాడు.

"బయమేత్తన్నాదమ్మా."

తలుపులమ్మ లేచింది. కుండ రెండు చేతులా ఎత్తింది. మంత్రం లేదు, ముహూర్తం లేదు, వాడు చొక్కా కూడా విప్పలేదు. కుండెడు నీళ్ళూ వాడి నెత్తిమీద కుమ్మరించింది.

"ఏటే ఇది! రేపు కదా!"

"బయమేసిందంటే తగ్గిపోయినట్టే. ఇక అమ్మోరెందుకు?"

వాడు తడిచి, వణుకుతూ, ముక్కుకి అంటిన వేపాకు తీసుకోవడం కూడా మరచి నిలబడ్డాడు. ఆమె కొంగుతో వాడి తల తుడిచింది. ఎముకలు విరిగేలా తుడిచింది.

అలాగే, తడిబట్టలతోనే, సత్యవేణి ఫోన్ ముందు కూర్చోబెట్టింది. తల దువ్వుకుంటానన్నాడు. వద్దంది. ముఖాన్ని నునుపు చేసే ఏర్పాటు ఉంటే తీసెయ్యమంది. లోవరాజు లోకానికి తన చెంపలు మొదటిసారి చూపించాడు.

"నేను కప్పచేప తిననండి. తింటే చచ్చిపోతారు. నాకు భయమేసింది. మీరు కూడా తినకండి. రొయ్యలు కూడా వండుకుని తినండి."

జనం తిట్టారు. చీర పంపిస్తామన్నారు. ఆఫీసుకి సెలవు పెట్టినాయన ఆ సెలవు ఎవరిస్తారని నిలదీశాడు. కొందరు వాడి పుట్టుక మీద పరిశోధన చేశారు. ఇంతలో ఎక్కడో ఇంకో ఊళ్ళో ఇంకో కుర్రాడు పచ్చి పాము గుడ్లు తింటానని చొక్కా విప్పాడు. అంతే. లవ్ రాజు అంటుకున్న లక్షమందీ ఆ పూటే కోలుకున్నారు.

మర్నాడు తలుపులమ్మ గంప ఎత్తుకుంది. గేటు దగ్గర అప్పలకొండమ్మ పీట మీద కూర్చుని ఉంది.

"లే."

"ఇన్నాల్లూ రానేదు. ఒగ్గీసినావనుకున్నాను."

"అమ్మోరొచ్చినాది ఇంటికి."

"సూసేనులే. మా మనవడు ఫోన్లో సూపించినాడు. నీ కొడుకు బయపడిపోనాడంట కదా?"

మార్కెట్ అంతా చెవులు ఇటు తిప్పింది. తలుపులమ్మ గంప దించింది. పీటని కాలితో ఒక జానెడు పక్కకి నెట్టి, ఖాళీ అయిన జానెడులో కూర్చుంది. తడిగోనె తీసింది.

"అవును. బయపడ్డాడు. ఇంట్లోన అన్నం తింటన్నాడు. నీ మనవడేటి తింటన్నాడో సూసుకో."

అప్పలకొండమ్మ ఇంకో జానెడు జరిగింది. చోటు పూర్తిగా మటుకు ఇవ్వలేదు. ఇప్పటికీ ఇవ్వలేదు. గేటు పక్క ఇద్దరూ మోకాళ్ళు తగిలేలా కూర్చుని, ఒకరినొకరు తిట్టుకుంటూ అమ్ముతున్నారు.